శ్రద్ధకు కొలత యేది?

1960 దశకమున రామచంద్రాపురమందు భెల్ కర్మాగారము నెలకొనిన నాటినుండి పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారములందు యంత్రఘోష హెచ్చుచునే యున్నది. 1984లో శంకుస్థాపన జరిగిన ఎద్దుమైలారపు ఆయుధ కర్మాగారమున యుద్ధశకటములును, జహీరాబాదున ట్రాక్టరులును, ఎన్ని యంత్రములు వచ్చినను, మనుష్యుని చేతి కూర్పు లేక వెలువడుట లేదు. ఆ చేతిపనికి తగిన స్వభావమును ప్రశ్నాపత్రముతో గేటుకడనే వడకట్టవచ్చునను వాదము వినబడుచున్నది.

ఈ వాదమునకు శాస్త్రాధారము లేకపోలేదు. 1991లో బ్యారిక్, మౌంటు అను మనస్తత్త్వవేత్తలు 117 పరిశోధనలను సమీక్షించి, స్వభావపు ఐదు ప్రధాన గుణములలో తాము పరిశీలించిన సకల వృత్తులందును పనితనముతో ముడివడి యున్నది శ్రద్ధాళుత్వమే యనియు, కలుపుగోలుతనము మేనేజర్లకును అమ్మకములవారికిని ముఖ్యముగ నక్కఱకు వచ్చుననియు తేల్చిరి. కాని వారు చూపిన ముడి స్వల్పమైనదే; దానిని నమ్మి ఒకని యన్నము తీసివేయుట న్యాయము గాదు.

అంతకన్న పెద్ద చిక్కు కొలతలోనే కలదు. టార్కు రెంచి బిగువు చాలెనని టక్కుమనువరకు బోల్టు బిగించి, పిదపనే దాని తలపై రంగుచుక్క పెట్టువాడు శ్రద్ధాళువు. టక్కుమనకమునుపే చుక్క పెట్టువాడు గంటకు నాలుగు పీసు లెక్కువ యిచ్చి మొనగాడనిపించుకొనును, వాని వదులుతన మెక్కడనో బండి మొరాయించిన నాడుగాని బయటపడదు. మర చెడిన నట్టును చూచి పని నిలిపినవానికి దక్కున దేమి? “లైనెందుకు ఆపినవ్? టార్గెట్ ఎవరిస్తరు?” అను సూపర్‌వైజరు గద్దింపు. పీసులనే లెక్కించుచోట శ్రద్ధ మాంద్యముగ నమోదగును.

మఱియు బిహారు, ఒడిశాలనుండి వచ్చి కాంట్రాక్టరు చేతి క్రింద పనిచేయు యువకుని లైనులో నేడొక స్టేషనున, రేపొక స్టేషనున నిలిపి, వారమున కొక షిఫ్టు మార్చి, నిద్రలేమిచే తడబడిన వాని చేతిని జూచి స్వభావదోష మనుట అవివేకము.

కావున యాజమాన్యములు మొదట పీసులతోపాటు తిరిగివచ్చిన లోపములను గూడ లెక్కింపవలెను. లైను నాపిన హేతువు సరియైనదైనచో దానిని తప్పుగాక గుణముగ వ్రాసికొనవలెను. నేర్చిన చేతిని నేర్చిన చోటనే కొంతకాలము నిలుపవలెను. ఇవి చేయని కర్మాగారమునకు కార్మికుని శీలమును పరీక్షించు అధికారము లేదు.