చెవికి ఇంపా... జేబుకి చిల్లా?

ఇయర్‌ఫోన్లకి పదిహేను వేలా? అదీ తీగ ఉన్నవాటికి!

కొడుకో కూతురో హైటెక్ సిటీలో ఉద్యోగంలో చేరి, రెండో నెల జీతంతో అరచేతిలో పట్టే డబ్బా ఒకటి ఇంటికి తెస్తే ముందు వినిపించే మాట ఇదే. ‘ఆ డబ్బుతో మిక్సీ వచ్చేది, గ్యాస్ స్టవ్వూ వచ్చేది’ అని అమ్మ లెక్క. ‘ఇవి మామూలువి కాదమ్మా, ప్లానార్ మ్యాగ్నెటిక్’ అని పిల్లల జవాబు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఎవరిది ఎంత నిజమో తేలాలంటే... ఆ డబ్బాలో ఏముందో చూడాలి. దాన్ని ఎక్కడ కూర్చుని వింటారో కూడా చూడాలి.

లోపల ఏముంది?

మామూలు ఇయర్‌ఫోన్‌లో ఓ పల్చటి పొర, దానికి అతికించిన తీగచుట్ట, ఓ అయస్కాంతం ఉంటాయి. పాట కరెంటు రూపంలో రాగానే తీగచుట్ట కదిలి పొరని తోస్తుంది. ఆ తోపు పడేది తీగచుట్ట అతికిన చోటే. మిగతా భాగం దాన్ని అందుకునేటప్పుడు కాస్త వంకర పోతుంది. ప్లానార్‌లో విడిగా తీగచుట్ట ఉండదు. పొర మీదే ఈ చివర నుంచి ఆ చివరకి కరెంటు దారిని గీతల్లా పరుస్తారు. పక్కనే అయస్కాంతాల వరస ఉంటుంది. దాంతో పొర మొత్తం ఒక్కసారిగా కదులుతుంది. శబ్దంలో వంకరలు తగ్గుతాయి. మృదంగం మీద గబగబా దెబ్బలు పడుతుంటే ఒకదాంట్లో ఒకటి కలిసిపోకుండా దేనికది వినిపిస్తుంది. పదిహేను వేలలో ఎక్కువ భాగం ఈ ముచ్చటకే అన్నమాట.

ఆలోచన కొత్తదేం కాదు. జపాన్ కంపెనీ యమహా 1976లోనే హెచ్‌పీ-1 పేరుతో ఈ తరహా హెడ్‌ఫోన్లు అమ్మింది. అవి తలకి పెట్టుకునేవి. చెవిలో ఇమిడేలా చెయ్యడానికే దశాబ్దాలు పట్టింది. కాలిఫోర్నియాలో శంకర్ త్యాగసముద్రం సహవ్యవస్థాపకుడిగా మొదలైన ఆడెజ్ కంపెనీ 2016లో ఐసైన్ 10ని తెచ్చింది. ధర 399 డాలర్లు. మరుసటి ఏడాది అదే కంపెనీ తెచ్చిన ఎల్‌సీడీఐ4 ధరైతే ఏకంగా 2,495 డాలర్లు! తర్వాత చైనా కంపెనీలు రంగంలోకి దిగాయి. 2021లో సెవెన్ హెర్ట్జ్ వారి టైమ్‌లెస్ 220 డాలర్ల దగ్గర వచ్చింది. 2022లో అదే కంపెనీ డియోకోని 99 డాలర్లకే ఇచ్చింది. ఆరేళ్లలో ధర నాలుగో వంతుకి దిగింది.

ధర పెరిగితే పాట మారుతుందా?

ఇక్కడే ఓ తిరకాసు ఉంది. డియోకో అమ్మిన ఏడాదే ఆ కంపెనీ సాల్‌నోట్స్ జీరో అనే మామూలు రకాన్నీ తెచ్చింది. దాని ధర ఇరవై డాలర్ల చిల్లర. అదీ బాగుందనే అన్నారు విన్నవాళ్లు. మరి అయిదు రెట్లు పోస్తే అయిదు రెట్ల ఆనందం వస్తుందా? రాదు. తేడా ఉంటుంది... కానీ అది చెవి పెట్టి, మనసు పెట్టి వింటే తెలిసే తేడా.

2017లో జెరోన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతల్ని వాటి ధరల పక్కన పెట్టి చూశారు. మంద్రం, మధ్యమం, తారం... వీటిలో దేన్ని ఎంత పలికిస్తుందన్న దానికీ, ధరకీ సంబంధం కనిపించలేదు. కాబట్టి ‘ఖరీదైనది కదా, బాగానే ఉంటుంది’ అన్న సూత్రం ఇక్కడ చెల్లదు. ప్లానార్ అన్న పేరు కూడా గ్యారంటీ కాదు. పొర ఎంత గొప్పదైనా కంపెనీ దాన్ని శ్రుతి చేసిన తీరు నచ్చకపోతే ‘స’ అక్షరం వచ్చినప్పుడల్లా చెవిలో సూదితో గుచ్చినట్టు ఉంటుంది.

వినేది ఎక్కడ?

సైబర్ టవర్స్ 1998లో మొదలయ్యాయి. మెట్రో 2019లో హైటెక్ సిటీకి, అదే ఏడాది రాయదుర్గానికి చేరింది. ఆ దారిలో ఉద్యోగుల చెవులు ఖాళీగా కనిపించడం అరుదు. కానీ రైలు రొద, క్యాబ్ ఏసీ హోరు, బయట హారన్లు... ఈ మోతలో ప్లానార్ చూపించే సన్నటి తేడాలు కొట్టుకుపోతాయి. ప్రయాణంలోనే ఎక్కువ వింటారనుకుంటే బయటి రొదని తగ్గించే వైర్‌లెస్ రకమే మేలు. ఎడతెగని హోరుని అది బాగా అణుస్తుంది. ఆఫీసు మీటింగులకైతే మాట స్పష్టంగా వినపడి, మైకు బాగుంటే చాలు. దానికి వెయ్యి రూపాయలదీ సరిపోతుంది.

మరి ప్లానార్ ఎవరికి? రాత్రి ఇల్లు సద్దుమణిగాక ఓ గంట పాటలకే కేటాయించేవాళ్లకి. ‘గీతాంజలి’లో ఇళయరాజా పాటలు వింటూ గాయకుడి వెనక బేస్ గిటార్ ఎటు నడుస్తోందో వెతుక్కునేవాళ్లకి. అయితే పాత ఘంటసాల పాటల్లో కొత్త వింతలేవీ ఆశించొద్దు. అవి చాలావరకు మోనో రికార్డింగులు. మంచి ఇయర్‌ఫోన్ వాటిలో టేపు సరసరని మరింత స్పష్టంగా వినిపిస్తుంది!

కొనేముందు...

* మీకు కంఠతా వచ్చిన మూడు పాటలు తీసుకెళ్లండి. షాపువాళ్లు పెట్టే పాట వాళ్ల సరుకుకి నప్పేదే అయి ఉంటుంది.
* రెండింటిని పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా ఉండాలి. కాస్త గట్టిగా మోగేదే బాగున్నట్టు అనిపించడం చెవి నైజం.
* చెవిలో దూరే రబ్బరు బుడిపెలు సరిగ్గా బిగిశాయా? సందు ఉంటే ఎంతటి ప్లానార్‌లోనైనా మంద్రం మాయమవుతుంది. సైజు మార్చి చూశాకే తీర్పు చెప్పండి.
* వీటిలో 14 మిల్లీమీటర్ల పైచిలుకు పొరలుంటాయి కాబట్టి గుల్ల పెద్దది. చిన్న చెవులకి అరగంటలో నొప్పి పుట్టొచ్చు. పెట్టుకుని చూడందే కొనొద్దు.
* ఫోన్‌కి హెడ్‌ఫోన్ రంధ్రం లేకపోతే చిన్న యూఎస్‌బీ డాంగిల్ కావాలి. రెండు వేల లోపే దొరుకుతుంది. ఆ ఖర్చూ లెక్కలో వేసుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద లెక్క మరొకటి. రొదని మించి వినాలని వాల్యూమ్ పెంచడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినొచ్చు. అదే 90కి చేరితే నాలుగు గంటలే. అంటే రోజూ గంట చొప్పున మెట్రోలో గట్టిగా వింటే శుక్రవారానికే కోటా దాటిపోతుంది. బండి నడుపుతూనైతే చెవిలో ఏదీ పెట్టుకోకూడదు. లోపలి చెవిలో సన్నటి రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ మొలవవు. పదిహేను వేలు పోతే మరో నెల జీతంలో వస్తాయి. పోయిన వినికిడి ఏ జీతంతోనూ రాదు.