బీట్‌రూట్ సీసాల మూతలు, ఇంగ్లండ్ జెర్సీ

ఫుట్‌బాల్ అనగానే మనవాళ్ళకి మెస్సీ, రొనాల్డో గుర్తొస్తారు. నాకు మాత్రం రికీ లాంబర్ట్ గుర్తొస్తాడు. ఎవడీయన అంటారా? చెప్తా, కాస్త ఓపిక పట్టండి.

1982లో లివర్‌పూల్ పక్కనున్న కర్క్‌బీలో పుట్టాడు. పదేళ్ళకే లివర్‌పూల్ క్లబ్ అకాడమీలో చేరాడు. పదిహేనేళ్ళకి 'ఇక చాలు బాబూ' అని పంపించేశారు. తర్వాత బ్లాక్‌పూల్ క్లబ్ తీసుకుంది, కొన్నాళ్ళకి వాళ్ళూ వదిలేశారు. అప్పుడు మాకల్స్‌ఫీల్డ్ అనే చిన్న క్లబ్బుతో జీతం లేకుండా ప్రాక్టీస్ చేస్తూ, ఖర్చులకోసం ఒక ఫ్యాక్టరీలో బీట్‌రూట్ సీసాలకి మూతలు బిగించే పని చేశాడు.

ఇంగ్లండులో ప్రీమియర్ లీగ్ కింద చాంపియన్‌షిప్, దాని కింద లీగ్ వన్, ఆ కింద లీగ్ టూ ఉంటాయి. లీగ్ వన్ అంటే మొదటిది అనుకునేరు, అది మూడోది! (మన హెచ్చార్ వాళ్ళు పెట్టే డిజిగ్నేషన్ల లాంటిదన్నమాట.) ప్రతి ఏడాదీ కొన్ని జట్లు పైకెక్కుతాయి, కొన్ని కిందకి దిగుతాయి. లాంబర్ట్ మాకల్స్‌ఫీల్డ్, స్టాక్‌పోర్ట్, రోచ్‌డేల్, బ్రిస్టల్ రోవర్స్ అంటూ 27 ఏళ్ళు వచ్చేదాకా ఈ కింది మెట్లమీదే గోల్స్ కొట్టుకుంటూ గడిపాడు.

2009లో సౌతాంప్టన్ దాదాపు 10 లక్షల పౌండ్లిచ్చి కొనుక్కుంది. అప్పటికి ఆ క్లబ్బే దివాలా అంచులదాకా వెళ్ళొచ్చి, శిక్షగా 10 పాయింట్ల లోటుతో లీగ్ వన్‌లో సీజన్ మొదలెట్టింది. మేనేజర్ అలన్ పార్డ్యూ మనవాణ్ణి చూసి ముందు బరువు తగ్గమన్నాడు. తగ్గాడు. ఆ సీజన్లో లీగ్‌లో 30 గోల్స్ కొట్టాడు. 2011లో జట్టు చాంపియన్‌షిప్‌కి, 2012లో ప్రీమియర్ లీగ్‌కి ఎక్కింది. 2013 ఆగస్టులో వెంబ్లీలో స్కాట్లండు మీద, 31 ఏళ్ళ వయసులో, ఇంగ్లండు తరఫున మొదటిసారి దిగాడు. బంతి మొదటిసారి తగిలింది తలకి, వెళ్ళింది గోల్లోకి.

ఇక్కడితో ఆపేస్తే 'కష్టపడితే ఫలితం దక్కును' అని ఫార్వర్డ్ చేసే మెయిలు కథ అయిపోతుంది. నాకు ఆ నీతి నచ్చదు. మూతలు బిగించిన రోజుల్లో కూడా ఆయన కష్టపడుతూనే ఉన్నాడు కదా! మారింది కష్టం కాదు, చోటు. ఇతని బలమేంటో తెలిసి, బంతి ఇతని దగ్గరికి వచ్చేట్టు ఆడే జట్టు దొరికింది. పైగా ఆ జట్టే మెట్లెక్కుతూ ఇతన్ని వెంట తీసుకెళ్ళింది.

ఋజువు కావాలా? 2014లో లివర్‌పూల్, అప్పుడు ఊరికే వదిలేసిన ఇదే కుర్రాణ్ణి, 40 లక్షల పౌండ్లు పోసి తిరిగి తెచ్చుకుంది. చిన్ననాటి కల! ఆ సీజన్లో లీగ్‌లో కొట్టినవి రెండంటే రెండు గోల్స్. ఎక్కువభాగం బెంచి మీదే. 32 ఏళ్ళు వచ్చాయి కాబట్టి వయసు కూడా కారణమే, కాదనను. కానీ అదే మనిషి సౌతాంప్టన్‌లో అయిదు సీజన్లలో 117 గోల్స్ కొట్టాడు. కల కన్న కంపెనీ, మనకి సరిపడే కంపెనీ ఒకటే కానక్కర్లేదు.

ఇంకో సంగతి. లాంబర్ట్ కథ మనకి తెలిసింది ఆయన పైకొచ్చాడు కాబట్టి. పదిహేనేళ్ళకే 'పనికిరాడు' అనిపించుకుని, మూతలు బిగిస్తూ ఉండిపోయిన వాళ్ళ సంగతి? అందులో ఎంతమంది లాంబర్ట్‌లు ఉండేవాళ్ళో లెక్కెవరు కట్టారు?

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ అకాడమీ వాళ్ళు చేసిన పనే నేనూ చేశాను. మా టీములోకి మనుషుల్ని తీసుకునేటప్పుడు రెజ్యూమెలు వడపోసేది నేనే. కాలేజీ పేరు, బీటెక్ పర్సెంటేజీ చూసి సగం పక్కన పెట్టేసేవాణ్ణి. మొత్తం చదవడానికి టైమెక్కడిది అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. ఇరవై ఒక్కేళ్ళకి వచ్చిన మార్కులు చూసి ఇరవై ఎనిమిదేళ్ళ మనిషికి తలుపేయడం! ఫుట్‌బాల్లో నయం, కింది లీగులో కొట్టిన గోలు గోలుగానే లెక్కకొస్తుంది. మన దగ్గర చిన్న కంపెనీలో చేసిన మంచి పని రెజ్యూమెలో ఒక లైను కింద మిగిలిపోతుంది, అదీ ఎవరైనా చదివితే.

ఈమధ్య ఆ వడపోత మానేశాను. ముందు చేసిన పని చూస్తున్నాను, కాలేజీ పేరు చివర్లో చూస్తున్నాను. రెండు సాయంత్రాలు అదనంగా పోతున్నాయి, నిజమే. అలా పిలిచిన వాళ్ళంతా గొప్పవాళ్ళేం కాదు, అదీ నిజమే. కానీ కనీసం చూడకుండా పంపించేశానన్న బాధైతే లేదు.

మీరూ రెజ్యూమెలు వడపోసేవాళ్ళే అయితే, మీరేం చేస్తున్నారో చెప్పండి.