వీడియో సంగీతపాఠములు: మనవారి ఉపేక్ష

తమిళనాట తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములలో, సంగీతము నేర్చు పిల్లలకు నేడు తొలి గురువు ఫోనే యగుచున్నది. అందు మాకు ఆక్షేపణ లేదు. గురువు దొరకని ఊళ్లలో యూట్యూబు పాఠము మేలే చేయును. మా ఆక్షేపణ యంతయు తల్లిదండ్రుల ఉపేక్షపైననే. అరకిలో చింతపండునైనను పిసికి చూచి కొనువారు, బిడ్డకు పాఠమును మాత్రము చూచినవారి లెక్కనుబట్టి ఎన్నుకొనుచున్నారు. లక్షమంది చూచినంతనే పాఠము మంచిదగునా? రద్దీగల అంగడిలో తప్పుడు తూకము ఉండదా?

వెదకినచో పాఠములు వేలకొలది దొరకును. ఏది ముందో ఏది వెనుకో చెప్పువారు అరుదు. సరళీస్వరములు నిలువకముందే కృతి చేపట్టుచున్నారు. సరళి, జంట, అలంకారములు, గీతము, స్వరజతి, వర్ణము, పిదప కృతి అను వరుసను పెద్దలు ఊరక పెట్టలేదు. తొలిపాఠములకు మాయామాళవగౌళను ఎన్నుకొనుటయు నట్టిదే. ఆ రాగమున పూర్వార్ధ ఉత్తరార్ధములు ఒకే యంతరములతో నుండుటచే గొంతునకు పట్టు త్వరగా దొరకును.

ఇక సాహిత్యము మాట. త్యాగరాజస్వామి (1767–1847) తిరువైయారున నివసించి తెలుగున కృతులు రచించెను. సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయపురమున తెలుగులిపిలో అచ్చయ్యెను. ఈ రెండూళ్లును తమిళనాటనే యున్నవి. అట్టి నాట పుట్టిన తెలుగుబిడ్డ, ఆంగ్లలిపిలోని సాహిత్యము చూచి, పదము ఎచ్చట విరుగునో తెలియక పాడుట సిగ్గుచేటు కాదా?

కంప్యూటరుపై సంగీతము కూర్చు విద్యకు ఇవి యేలయని యువకులు కొందరు అడుగుచున్నారు. ఆ విద్యలో మొదట చెప్పు మేజర్ స్కేలు స్వరస్థానములు మన 29వ మేళమైన ధీరశంకరాభరణమునవే. 72 మేళకర్తల నెరిగినవానికి ఆ పాఠము సగము తెలిసినదే. కాని కీబోర్డుపై పన్నెండు మెట్లను చూపి విడిచిన పాఠము గమకమును నేర్పజాలదు.

పాఠమును ఎన్నుకొనుటకు ముందు తల్లిదండ్రులు ఇవి చూడవలెను. శ్రుతి వినబడుచున్నదా? తాళము చేతితో వేసి చూపుచున్నారా? మూడు కాలములలో పాడుచున్నారా? పదవిభాగము, అర్థము చెప్పుచున్నారా? పాఠములు వరుసగా నున్నవా? ఇన్ని యున్నను వీడియోకు నోరే కాని చెవి లేదు. బిడ్డ అపశ్రుతిని అది వినదు. కావున వారమునకొకసారి యైనను తెలిసినవారి యెదుట పాడించి తీరవలెను.

సంఘపు ప్రతి శాఖయందును ఒక సంగీతజ్ఞుడు, ఒక తెలుగు పండితుడు కూర్చుండి, మేలైన పాఠములను ఏరి, మెట్టువారీగా పట్టిక వ్రాసి గోడకు అంటింపవలెనని మా కోరిక. దీనికి ధనము అక్కరలేదు, నాలుగు సాయంకాలములు చాలును. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ తీర్మానము ప్రతిపాదింతుము. కాదనువారు కారణము చెప్పవలెను.