తలాక్ తెంచలేని బంధం

తలాక్ అయినా, ఖులా అయినా, తెగిపోయేది ఆలుమగల నికాహ్ మాత్రమే. మనుమడికి దాదీతోనో నానీతోనో ఉన్న రక్తబంధం దానితో తెగదు. మన పంచాయితీలలో మహర్, ఇద్దత్ ఖర్చు, పెళ్లినాటి సామాను అన్నింటికీ లెక్క తేలుతుంది. బిడ్డను ఎత్తి పెంచిన ముసలివారి ఊసు మాత్రం రాదు.

కోటబొమ్మాళి వంటి చోట ఈ లోటు మరింత బాధాకరం. శ్రీకాకుళం జిల్లాలో ముస్లిం కుటుంబాలు కొద్ది. సంబంధం దూరపు ఊరిలో కుదరడం వింత కాదు. అది చెడి కోడలు బిడ్డతో పుట్టింటికి చేరితే, దాదా దాదీలకు మనుమడు రైలు ప్రయాణమంత దూరమవుతాడు. బిడ్డ తండ్రి వద్దనే ఉండిపోతే నానా నానీలదీ అదే గతి.

ఇమామ్ మాలిక్ ‘మువత్తా’లో ఒక ఉదంతం ఉన్నది. హజ్రత్ ఉమర్ (రజి) తాము విడిచిన భార్యకు పుట్టిన ఆసిమ్ ఖుబా మస్జిద్ ఆవరణలో ఆడుకుంటుండగా చూచి, తమ వాహనంపై కూర్చుండబెట్టుకున్నారు. బాలుని అమ్మమ్మ వచ్చి అడ్డగించింది. తగవు ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) ముందుకు వెళ్లగా, బాలుని ఆమెకే విడిచిపెట్టమన్నారు. ఉమర్ మారుపలుకలేదు. హనఫీ ఫిఖ్‌హ్ కూడా పసిబిడ్డ పెంపకంలో తల్లి తరువాతి స్థానం అమ్మమ్మకు, ఆపై నానమ్మకు ఇచ్చింది.

దేశ చట్టంలోనూ దారి మూసుకుపోలేదు. 1890 నాటి సంరక్షకుల చట్టం బిడ్డ సంక్షేమాన్ని చూడమంటుంది. బిడ్డను కలుసుకునే వ్యవహారాలను 1984 చట్టం కుటుంబ న్యాయస్థానాలకు అప్పగించింది. 2019 నాటి తలాక్ చట్టం బిడ్డ తల్లి వద్ద ఉండే హక్కును చెప్పింది గాని, అవ్వాతాతల మాట ఎత్తలేదు. కోర్టుకు వెళ్లక తప్పనప్పుడు, 1987 న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయం లభిస్తుంది. దాదీ, నానీ దానిని కోరవచ్చును.

అయితే ఈ హక్కు తల్లిని వేధించే ఆయుధం కారాదు. హింస జరిగిన ఇంటికి బిడ్డను పంపుమని ఎవరూ ఒత్తిడి చేయరాదు. అటువంటప్పుడు తల్లి నమ్మిన చోట, నమ్మిన పెద్దల ఎదుట కలుసుకోవాలి.

జమాత్ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. విడాకుల కాగితంలో మరొక పేరా చేర్చండి: అవ్వాతాతలు బిడ్డను నెలకు ఎన్నిసార్లు, ఎక్కడ చూస్తారు, ఏ పండుగ ఎవరింట, దారిఖర్చు ఎవరిది, ఫోన్ ఏ రోజున. ఉభయుల సంతకాల కింద ఆ నాలుగు పంక్తులుంటే, ఈద్ నాడు ఒక దాదీ గుమ్మం వైపు చూస్తూ కూర్చోనక్కరలేదు.