రంగులు సరే, ముడులు పడ్డాయా?

పోరుమామిళ్ళ చెరువు శాసనం గురించి మనలో చాలామంది వినే ఉంటారు. 1369లో బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించినది. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ పని. ఆ లెక్కల కన్నా నాకు ఆశ్చర్యం కలిగించింది ఇంకొకటి. చెరువుకు ఉండవలసిన పన్నెండు సాధనాలతో పాటు, ఉండకూడని ఆరు దోషాలను కూడా ఆ రాతి మీద చెక్కించారు. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం, చెరువు నడుమ మిట్ట, నీటికి మించిన ఆయకట్టు, నేలకు మించిన నీరు. చేసిన పనిని పొగుడుకోవడానికి వేయించిన శాసనంలోనే తప్పులెక్కడ రావచ్చునో చెప్పారన్నమాట. ఆరున్నర శతాబ్దాల తర్వాత మనం రాసే ప్రాజెక్టు రిపోర్టుల్లో అటువంటి పేజీ ఒక్కటైనా ఉన్నదా?

నా రిపోర్టులో లేదు. అందుకే ఈ వ్యాసం.

మా ఊరి చెరువు కట్టను కంప్యూటరులో నిలబెట్టి, నీరు నిండినప్పుడు లోపల ప్రతిబలం ఎంతుంటుందో చూడాలని ప్రాజెక్టు తీసుకున్నాను. ఆరు మీటర్ల ఎత్తు, పైన మూడు మీటర్ల వెడల్పు, రెండు వైపులా రెండుకు ఒకటి వాలు, నీటి వైపు 45 సెంటీమీటర్ల రాతి కట్టుబడి. టేపు ఒక కొస నేను, ఇంకో కొస మా జేజినాయన పట్టుకున్నాం. పద్ధతి ఫైనైట్ ఎలిమెంట్. తెలియని మిత్రుల కోసం ఒక్కమాట: వస్తువును చిన్న చిన్న త్రిభుజాలుగా కోసి, ఒక్కొక్క త్రిభుజానికి సులభమైన లెక్క వేసి, అన్నిటినీ కలిపి పెద్ద లెక్క తేల్చడం. ఆ త్రిభుజాల అల్లికనే మెష్ అంటారు. మన మాటలో వల. వలకు కళ్ళున్నట్టు దీనికి త్రిభుజాలు, వలకు ముడులున్నట్టు దీనికి నోడ్లు. పక్కపక్క త్రిభుజాలు ఒకదాని కబురు ఇంకొకదానికి చెప్పుకునేది ఆ ముడుల ద్వారానే. ఈ పద్ధతికి 1960లో పేరు పెట్టిన అమెరికా ఇంజనీరు రే క్లఫ్, ఆ తర్వాత రెండు మూడేళ్ళలోనే పగులు పట్టిన ఒక డ్యాం మీద దీన్ని ప్రయోగించాడు. కనుక కట్టలకూ ఈ వలకూ చుట్టరికం పాతదే.

ప్రాజెక్టుకు మంచి మార్కులు వచ్చాయి. ఎర్రటి, పచ్చటి, నీలపు రంగుల బొమ్మ చూసి అందరూ బాగుందన్నారు. రాతి పొర ఒక రంగులో, మట్టి ఇంకో రంగులో, రెంటికీ నడుమ గీత గీసినట్టు తేడా. ఎందుకలా అని వైవాలో అడిగారు. “రాయి గట్టిది గదా సార్, భారమంతా అదే మోస్తోంది” అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను. సార్ తల ఊపారు.

సెలవుల్లో ఊరికే కూర్చుని, కట్ట ఎంత జరిగిందో చూపే బొమ్మను వెయ్యి రెట్లు పెద్దది చేసి చూస్తే నోట మాట రాలేదు. రాతి పొర మట్టిలోకి దయ్యంలా దూరిపోయింది. మట్టి మాత్రం కదల్లేదు. రాతినీ మట్టినీ నేను విడివిడిగా గీసి పక్కపక్కన పెట్టాను. కంటికి అంటుకునే ఉన్నాయి. కానీ నడిమి గీత మీద 28 ముడులు ఉండవలసిన చోట 56 ఉన్నాయి, రాతివి రాతికి, మట్టివి మట్టికి. ఒకే చోట రెండేసి ముడులు, ఒకదానితో ఒకటి పొత్తు లేదు. నీటి ఒత్తిడంతా రాతి మీద పడి అక్కడే ఆగిపోయింది. చెరువు నిండిన సంగతి నా కట్టకు తెలియనే తెలియదు! వైవాలో నేను చెప్పిన జవాబు ఎంత అందంగా ఉందో అంత అబద్ధం.

తప్పు వలలో కాదు, వలకు ముందు గీసిన బొమ్మలో ఉంది. ఇది నేను నెల రోజులు పడి నేర్చుకున్న సంగతి. మెష్ రాలేదనగానే మనం త్రిభుజం సైజు తగ్గిస్తాం, పెంచుతాం, ప్రోగ్రాం మారుస్తాం, చివరికి కంప్యూటరును తిడతాం. నూటికి తొంభైసార్లు రోగం బొమ్మలో ఉంటుందని నా అనుభవం. కట్ట అడుగు మూల ఒకచోట 12 మీటర్లనీ, ఇంకోచోట 11.998 అనీ కొట్టాను. ఆ రెండు మిల్లీమీటర్ల ముక్కను కూడా ప్రోగ్రాం ఒక భుజంగానే గౌరవించి, దాని చుట్టూ చీమల పుట్టలాగా వందల త్రిభుజాలు పోసింది. ఇంకోసారి మిల్లీమీటర్లలో గీసి మీటర్లనుకున్నాను. ఘనపు మీటరు మట్టికి 18 కిలోన్యూటన్లు, ఆరు మీటర్ల ఎత్తు, అడుగున సుమారు 108 రావాలని నోటిలెక్కకే తెలుస్తుంది. లక్షకు పైన వస్తే చూసుకోవద్దా?

అన్నిటికన్నా ప్రమాదం తనంత తానే బాగుచేసుకునే మీట. దగ్గరగా ఉన్న బిందువులను కలిపెయ్యమంటే ప్రోగ్రాం కలిపేస్తుంది. ఎంత దగ్గరని అడిగితే విసుగు పుట్టి అర మీటరు అన్నాను. తప్పులన్నీ మాయం. దాంతోపాటు 45 సెంటీమీటర్ల రాతి కట్టుబడి కూడా మాయం! సరైన మందు వేరే. రెండు ఆకారాలనూ ఒకదానితో ఒకటి కోయించి, నడిమి గీతను ఇద్దరికీ ఉమ్మడి గట్టుగా చెయ్యాలి. జీమెష్ అనే ఉచిత ప్రోగ్రాంలో దానికి ఫ్రాగ్మెంట్ అని ఒక ఆజ్ఞ ఉంది. ఆ ఒక్క వరుస చేర్చగానే 56 ముడులు 28 అయ్యాయి, మట్టి మీదికి నీటి భారం వచ్చింది.

ఇక సన్న త్రిభుజాల సంగతి. సర్వే పుస్తకాల్లో 30 డిగ్రీలకు తక్కువ, 120కి ఎక్కువ కోణాలు వద్దని రాస్తారు. 1811లో మన గుత్తి దగ్గర ఆధారరేఖ కొలిచిన లాంబ్టన్ దొర నుంచి నేటి వరకు సర్వేయర్లకు తెలిసిన మాటే ఇది: త్రిభుజం సూదిలా సాగితే చిన్న తప్పు పెద్ద తప్పై కూర్చుంటుంది. మెష్‌కూ దాదాపు అదే నీతి. అయితే మా కట్ట పాదం దగ్గర కోణం సుమారు 26 డిగ్రీలు. అది మా పెద్దలు కట్టిన కోణం, ఏ మీట నొక్కినా పెరగదు. అటువంటి చోటును గుర్తించి, అక్కడి అంకెను నమ్మకుండా ఉండటమే మనం చెయ్యగలిగింది.

“డిగ్రీ పిల్లలకు ఇంత రాద్ధాంతం ఎందుకు, రేపు ఉద్యోగంలో నేర్చుకుంటారు” అనే అధ్యాపకులున్నారు. గౌరవంతోనే విభేదిస్తున్నాను. నార్వేలో 1991 ఆగస్టు 23న స్లైప్నర్ అనే చమురు వేదికకు కట్టిన కాంక్రీటు పీఠం సముద్రంలో మునిగిపోయింది. గోడలు కలిసే మూలల్లో వల మరీ ముతకగా ఉండి, కోత బలాన్ని 47 శాతం తక్కువగా చూపింది. ఆ లెక్క వేసినవారు పిల్లలు కారు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగడం వేరే సంగతి. అక్కడ లోపించింది వల కాదు, ముంచుకొచ్చిన వరదకు కట్ట కొట్టుకుపోయింది. కానీ కట్ట తెగితే ఏమవుతుందో పులపుత్తూరు, మందపల్లి వాళ్ళను అడిగితే తెలుస్తుంది. కట్టల గురించి లెక్కలు వేయబోయేవాళ్ళం మనమే గదా.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. రంగుల బొమ్మకు ముందు పేజీలో వల బొమ్మ ఉండాలి. అన్నిటికన్నా చెడ్డ త్రిభుజం ఎక్కడుందో విద్యార్థి వేలు పెట్టి చూపాలి. అదే లెక్క మూడు సైజుల వలతో చేసి అంకెలు పక్కపక్కన రాయాలి. వైవాలో మొదటి ప్రశ్న “ఎంత వచ్చింది?” అని కాకుండా “ముడులు కలిశాయా?” అని ఉండాలి. ఆ ప్రశ్న నన్ను అడిగి ఉంటే మార్కులు తగ్గేవి, కాదనను.

దిద్దిన బొమ్మను తీసుకుపోయి మా జేజినాయనకు చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

“అదంతా సరేగానీ నాయనా, తూము కాడ నీళ్ళు ఎందుకు కారతాండాయో చెప్పిందా నీ పెట్టె?”

చెప్పలేదు. నేను కట్టను అడ్డంగా కోసిన ముక్కనే గీశాను, అందులో తూమే లేదు. శాసనంలోని మొదటి దోషం నా బొమ్మలోకి రానేలేదు. ఇప్పుడు తూముతో సహా మూడు కొలతల్లో గీస్తున్నాను. గొట్టమూ కట్టా ఒకదానిలోకి ఒకటి చొరబడి మెష్ రావడం లేదు. తూమును నేను తిన్నని గొట్టంగా గీశాను, అసలు తూము రాళ్ళు తిన్నగా లేవు. చెరువులో నీళ్ళు ఇంకాయి, వచ్చే ఆదివారం టేపు పట్టుకుని మళ్ళీ దిగుతున్నాం.