ఎంత దుడ్డుకు అంత నిజమా?

ఆదివారం తెల్లవారి చిత్తూరులో ఏ మటన్ అంగడి ముందైనా కాసేపు నిలబడండి. తోలు వలిచిన పొట్టేలు కొక్కేనికి వేలాడుతుంటుంది. వృషణాలను మాత్రం కోయకుండా అలాగే ఉంచుతారు. అది పొట్టేలేననీ, ఈనిన గొర్రెను కోసి పొట్టేలని అమ్మడం లేదనీ వచ్చినవాళ్లకు తెలియాలి కదా. కొనేవాడు కూడా ఊరికే దుడ్డిచ్చి పోడు. "తొడలో కొట్టన్నా, కాస్త కార్జం వెయ్" అంటూ కళ్లెదుటే ముక్కలు కొట్టించుకుంటాడు. కైమా కావాలంటే ఇంకా జాగ్రత్త. ముందు ముక్క చూసి, తరువాతే కొట్టమంటాడు. ఒకసారి నలిగాక ఏ మాంసం ఏదో బ్రహ్మకు కూడా తెలియదని అతనికి తెలుసు.

అట్టపెట్టెలో గడ్డకట్టిన కబాబు, సంచిలో కట్టిన నగ్గెట్లు, డబ్బాలో నెయ్యి కొనేటప్పుడు ఈ జాగ్రత్తలేవీ పనిచేయవు. అక్కడ మన కన్నుకూ ముక్కుకూ పని లేదు. పెట్టె మీద రాసిన పేరు ఒక్కటే సాక్షి. ఆ సాక్షి అబద్ధం చెప్పిందని బయటపడిన ప్రతిసారీ మన సీమలో వినబడే మాట ఒకటుంది: "ఎంత దుడ్డుకు అంత సరుకు. చవగ్గా కొంటే అంతే మరి." చదువుకున్నవాళ్లు, ఉద్యోగస్తులు, టీవీ చర్చల్లో కూర్చునే పెద్దలు కూడా ఇదే మాట అంటున్నారు. వినడానికి లోకజ్ఞానంలా ఉంటుంది. నా దృష్టిలో ఇది మోసగాడి తరఫున మనం ఉచితంగా చేస్తున్న వకాల్తా.

తిరుమల లడ్డూ నెయ్యి సంగతే చూడండి. 2024 జులైలో తిరుమల తిరుపతి దేవస్థానం కొన్ని నెయ్యి నమూనాలను గుజరాత్‌లోని ఆనంద్‌లో ఉన్న జాతీయ పాడి అభివృద్ధి మండలి ల్యాబుకు పంపింది. పాల కొవ్వు అచ్చంగా ఉందో లేదో తేల్చే ఎస్-విలువలు 100కు కొంచెం అటూ ఇటూ ఉండాలి. ఒక విలువ 20 దగ్గరికి పడిపోయింది. కలిసి ఉండవచ్చని ల్యాబు పేర్కొన్న కొవ్వుల్లో పామాయిల్ వంటి నూనెలతో పాటు పశువుల కొవ్వు, పంది కొవ్వు, చేపనూనె పేర్లూ ఉన్నాయి. ఆవుకు మేత చాలకపోవడం వంటి కొన్ని పరిస్థితుల్లో ఈ పరీక్ష తప్పుగా చూపే వీలుందని కూడా ఆ నివేదికలోనే ఉంది. సెప్టెంబర్ 18న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆ నెయ్యిలో జంతువుల కొవ్వు కలిసిందని ఆరోపించడంతో దేశమంతా అట్టుడికింది. సరఫరా చేసిన దిండిగల్ ఏఆర్ డెయిరీ ఆరోపణను ఖండించింది. అక్టోబర్ 4న సుప్రీంకోర్టు ఐదుగురితో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది.

ఆ రోజుల్లో తిరుపతిలో ఏ టీ అంగడికి పోయినా రెండే మాటలు. ఒకటి, అందులో ఏ జంతువు కొవ్వు ఉంది? రెండు, దేవస్థానం కొన్న కిలో 320 రూపాయల ధరకు నెయ్యి ఎట్లా వస్తుంది? మొదటి ప్రశ్న మీద పార్టీలు కొట్టుకున్నాయి. రెండో ప్రశ్న దగ్గర మాత్రం అందరూ ఏకమై తల ఊపారు.

320 రూపాయల ప్రశ్న తప్పని నేననను. దాన్ని అడగాల్సిన చోటు వేరు. రోజుకు మూడు లక్షలకు పైగా లడ్డూలు కట్టే సంస్థకు అధికారులున్నారు, టెండరు షరతులున్నాయి, ట్యాంకరును గేటు దగ్గరే నిలబెట్టే అధికారముంది. కల్తీని పట్టే ల్యాబు తమకు సొంతంగా లేదనీ, బయటి ల్యాబులకు పంపే అలవాటూ లేకపోయిందనీ దేవస్థానం అధికారులే ఆ ఏడాది చెప్పారు. తక్కువ ధర చూసి సంతకం పెట్టే చెయ్యి సరుకును పరీక్షకు కూడా పంపాలి. ఆ జవాబుదారీ సంస్థది.

అదే ప్రశ్నను మామూలు మనిషికి వేస్తే అన్యాయమవుతుంది. మా వీధి మొదట్లో ఇడ్లీ బండి పెట్టే అక్క ఒకామె ఉంది. మనవడి పప్పన్నంలోకి చిన్న నెయ్యి పొట్లం కొంటుంది. అదీ వారానికి ఒకటి. వేలితో కాస్త తీసి అన్నం మధ్యలో గుంట చేసి వేస్తుంది. మిగిలిన పొట్లాన్ని రబ్బరుబ్యాండు చుట్టి డబ్బాలో దాస్తుంది. "నెయ్యి అని రాసుండాది కదా నాయనా, ఇంకేముంటాది?" అంది నాతో. ఆమె దగ్గర ల్యాబు లేదు. ఎస్-విలువ ఆమెకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. పొట్లం మీది రెండక్షరాలను నమ్మడం తప్ప ఆమె చేయగలిగింది ఏముంది? ఆమెను పట్టుకుని "చవగ్గా కొన్నావు, అనుభవించు" అంటే, దొంగను వదిలి ఇంటివాళ్లను కొట్టినట్టే.

చవకకూ అబద్ధానికీ సంబంధం కలపడమే ఈ వాదంలో మొదటి తప్పు. పామాయిల్ చవక. పామాయిల్ అనే పేరుతోనే ఇంటింటికీ వస్తోంది. వనస్పతి దశాబ్దాలుగా వనస్పతి అనే పేరుతోనే అమ్ముడయింది. అందులో మోసం లేదు. కోడి కాళ్లూ తలకాయా చవక. అడిగి మరీ కొనుక్కునేవాళ్లున్నారు. పేదవాడు తక్కువ రకం సరుకుకు ఒప్పుకుంటాడు గానీ, తప్పుడు పేరుకు ఎక్కడా ఒప్పుకోలేదు. ధర తగ్గితే నాణ్యత తగ్గవచ్చు, తూకం తగ్గవచ్చు. నిజం తగ్గడానికి వీల్లేదు. మన చట్టంలోనూ అదే ఉంది. 2006 ఆహార భద్రతా చట్టం ప్రకారం ఒక పదార్థాన్ని మరో పదార్థం పేరుతో అమ్మడం నేరం. ధర ఇంతకంటే తక్కువైతే ఆ నేరం మాఫీ అని అందులో ఎక్కడా లేదు. తప్పుడు పేరుకు గరిష్ఠ జరిమానా 3 లక్షల రూపాయలే. కోట్లలో వ్యాపారం చేసేవాడికి అది ఖర్చుల పద్దులో ఒక లైను. మన కోపం ఆ అంకె మీదికి మళ్లాలి.

రెండో తప్పు, మోసం ఎలా జరుగుతుందో తెలియకపోవడం. 2013 జనవరిలో ఐర్లండ్ ఆహార భద్రతా సంస్థ అంగళ్లలో 27 రకాల ఎద్దుమాంసం బర్గర్లు తెచ్చి పరీక్షించిన ఫలితాలు బయటపెడితే పదింటిలో గుర్రం డీఎన్ఏ, 23 వాటిలో పంది డీఎన్ఏ కనబడ్డాయి. టెస్కోలో అమ్మిన ఒక చవక బర్గరులో గుర్రమాంసం 29 శాతం. అక్కడా కొందరు "ఆ ధరకు ఏమొస్తుందనుకున్నారు?" అన్నారు. ఆ తరువాతి నెలల్లో యూరప్ అంతా తవ్వితే తేలింది వేరు. రుమేనియా కబేళా నుంచి గుర్రమాంసం గుర్రమాంసంగానే బయలుదేరింది. దళారుల చేతులు మారుతూ కాగితాల మీద ఎద్దుమాంసమైంది. 2019లో పారిస్ కోర్టు నలుగురిని దోషులుగా తేల్చింది. కొన్న తల్లులెవరూ ఆ జాబితాలో లేరు.

మన నెయ్యి కేసులోనూ దర్యాప్తు బృందం కోర్టుకు చెప్పిన కథ ఇలాంటిదే. ఉత్తరాఖండ్‌లోని ఒక డెయిరీ పాలూ వెన్నా కొనకుండానే పామాయిల్, రసాయనాలతో సుమారు 68 లక్షల కిలోల సరుకు తయారుచేసిందనీ, అది వేరే డెయిరీల పేర్ల మీద ఏడుకొండలు ఎక్కిందనీ, దాని విలువ 250 కోట్ల దాకా ఉంటుందనీ ఆరోపణ. తీర్పు కోర్టుది. ఆ ఆరోపణల్లో ఉన్నది చవక బేరం ఒక్కటే కాదు. కాగితం మీద ఒక పేరు, ట్యాంకరులో మరో సరుకు. ఇందులో జంతువు కొవ్వు లేదని తేలితే "హమ్మయ్య" అనేవాళ్లున్నారు. నాకు ఆ నిట్టూర్పు కూడా అర్థం కాదు. భక్తుడి నోట్లో నెయ్యి పేరుతో నూనె పోస్తే, అది పామాయిల్ కాబట్టి ద్రోహం కాకుండా పోతుందా?

మూడో తప్పు అన్నిటికంటే ప్రమాదం. పేరు మీద నమ్మకం పోయాక మిగిలేది పుకారే. 2018 నవంబరులో చెన్నై ఎగ్మూరు స్టేషనులో రాజస్థాన్ నుంచి వచ్చిన సుమారు 2,000 కిలోల మాంసం పట్టుకున్నారు. తోకలు పొడుగున్నాయి, కుక్కమాంసమే అని ఊరంతా పాకింది. మద్రాసు పశువైద్య కళాశాల పరీక్షించి అది మటనేనని తేల్చింది. ఈలోపు బిరియానీ అంగళ్లవాళ్లు గిరాకీ లేక నష్టపోయారు. చెన్నైలో వీచిన గాలి పుత్తూరు, నగరి దాటి మన దగ్గరికి రావడానికి ఎంతసేపు? నిజాయితీగా పొట్టేలు కోసేవాడు కూడా అనుమానపు చూపులు భరించాల్సి వచ్చింది. "చవకైతే ఏదో కలిసే ఉంటుంది" అన్న మన అలవాటు మాటే ఆ పుకారుకు మేత వేసింది. ఆ మాట అబద్ధాలాడేవాడిని కాపాడుతుంది, తక్కువ లాభంతో నిజం అమ్మేవాడిని శిక్షిస్తుంది.

మరి చేయాల్సిందేమిటి? ఐర్లండులో ఆ మోసాన్ని పట్టింది కొన్నవాళ్ల నాలుక కాదు. ఎవరికీ రుచి తేడా తెలియలేదు. ఒక ప్రభుత్వ సంస్థ తనంతట తాను అంగడికెళ్లి, సరుకు కొని, పరీక్షించి, వచ్చిన ఫలితాన్ని కంపెనీ పేర్లతో సహా ప్రకటించింది. మనకు శాస్త్రం తక్కువేమీ లేదు. చిన్న మాంసం ముక్కతో జంతువు జాతిని తేల్చే డీఎన్ఏ పద్ధతిని హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు రెండు దశాబ్దాల కిందటే రూపొందించారు. జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉన్నదీ హైదరాబాదులోనే. ఆ పరీక్ష పండగకో గొడవకో కాకుండా నెలనెలా జరగాలి. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె అంగళ్లలో చవక పొట్లాలతోనే మొదలుపెట్టాలి. ఫలితాలు తెలుగులో, బ్రాండు పేరుతో, పేపర్లో రావాలి.

తిరుపతి లడ్డూ పేరును ఇంకెవరూ వాడకుండా 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నాం. పేరుకు విలువుందని, దాన్ని దొంగిలించకూడదని మనకు అప్పుడే తెలుసు. లడ్డూ పేరుకు ఇచ్చిన ఆ కాపలా, ఇడ్లీ బండి అక్క కొనే పొట్లం మీది "నెయ్యి" అన్న మాటకూ ఇవ్వాలి. మటన్ అంగడిలో అన్న ముక్క చూపించి కొడతాడు. పొట్లం లోపలికి ఆమె చూడలేదు. ఆమె తరఫున చూడాల్సిన కన్ను ప్రభుత్వానిది, ఆ కన్ను తెరవమని అడగాల్సిన నోరు మనది.