పేరు బంగారమే.. మరి మర్యాదో?

థాయ్ భాషలో మెనోపాజ్‌ని "వాయ్ థోంగ్" అంటారు. వాయ్ అంటే వయసు, థోంగ్ అంటే బంగారం. బంగారు వయసు అన్నమాట! మన "ముట్లుడగడం" పక్కన పెట్టి చూస్తే ఎంత ముద్దుగా ఉందో కదా. మన మాటలో ఏదో అయిపోయిందన్న దిగులు ఉంది, వాళ్ళ మాటలో మెరుపు ఉంది.

కానీ వేరియబుల్ పేరు మార్చినంత మాత్రాన బగ్ పోతుందా? నడివయసు ఆవిడ ఎవరైనా కాస్త విసుక్కుంటే చాలు, "వాయ్ థోంగ్ కాబోలు" అని నవ్వుకోవడం థాయ్‌లాండ్‌లో మామూలే. ఆవిడ కోపానికి అసలు కారణం ఏమిటో ఇక ఎవరూ అడగరు. బంగారం కాస్తా వెక్కిరింత అయి కూచుంది.

దీనికంటే వాళ్ళ పాత నానుడే నాకు నచ్చింది. "రక్తం పోతుంది, గాలి వస్తుంది" అని దానర్థం. మన ఆయుర్వేదంలో వాతం ఉన్నట్టే థాయ్ సంప్రదాయ వైద్యంలోనూ గాలి ఉంది. కళ్ళు తిరిగినా, గుండె దడదడలాడినా గాలి మీదకే నెడతారు. ఇందులో పొగడ్తా లేదు, ఎగతాళీ లేదు. ఒంట్లో తెలిసేదాన్ని తెలిసినట్టు చెప్పడమే. సిరిపోర్న్ చిరవత్కుల్, లెనోర్ మాండర్సన్ ఈశాన్య థాయ్‌లాండ్ గురించి 1994లో రాసిన పరిశోధన వ్యాసంలోనూ ఈ తేడా కనిపిస్తుంది. పల్లె ఆడవాళ్ళకి ఇది బతుకులో ఒక మలుపు, వైద్యులకి చికిత్స చెయ్యాల్సిన హార్మోన్ల లోటు.

అలాగని "సహజమే కదా" అంటూ అన్నీ ఓర్చుకోమనడమూ తప్పే. నెలసరి ఆగి ఏడాది దాటాక మళ్ళీ రక్తం కనబడితే డాక్టరుకి చూపించుకోవాల్సిందే. రాత్రుళ్ళు చెమటలు పట్టి నిద్ర కరువైతే దానికి మందులున్నాయి. బంగారు వయసన్నా, గాలి అన్నా, ఆ మాట ఆవిడ నోరు నొక్కెయ్యకూడదు.

మనకైతే ఆ వెక్కిరింతకి కూడా పేరు లేదు, అంతా గుసగుసే. టీములో నలభై ఎనిమిదేళ్ళ లీడ్ మీటింగ్ మధ్యలో ఏసీ పెంచమంటే ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటాం. చూసుకోకుండా పెంచేస్తే సరిపోతుంది. ఇంట్లో అమ్మనో అత్తగారినో అయితే "నిద్ర పడుతోందా?" అని ఒక్క మాట అడగొచ్చు. కొత్త పేరు కంటే అదే ముందు కావాలని నా అభిప్రాయం. మీరేమంటారు?